వెనకబడితే అండమాన్

శారద వెనకబడితే అండమాన్, దగ్గరికొస్తే ఆవకాయ. నెల పైనుంచీ మా పొద్దుటి నడకలో మాటలు ఇలాగే సాగుతున్నాయి. పుష్యమాసంలో ఆవకాయేమిటి అని ఆవిడైనా అడగలేదు, మాకైనా సిగ్గు వెయ్యలేదు. వెయ్యలేదంటే అబద్ధం. వేసింది, వేసినా మానలేదు, అదీ నా ఏడుపు.

మేం నలుగురం. మంచు విడకముందే తార్నాక వైపు నుంచి యూనివర్సిటీలోకి దూరి, ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచి, ఆ మెట్ల మీద కాసేపు కూలబడి, మళ్ళీ ఇళ్ళకి. సుధామయి బ్యాంకులో మేనేజరు, బయట కూడా మేనేజరే. ఎవరు ఏ చెప్పులు కొనుక్కోవాలో కూడా తనే చెప్తుంది. కావ్య సీతాఫల్‌మండిలో పుట్టి పెరిగిన పిల్ల, ఇంటర్ కాలేజీలో లెక్కలు చెప్తుంది, మాలో అందరికన్నా చిన్నది. శారదది ప్రొద్దుటూరు. వాళ్ళాయన పేరు పెద్దన్న, యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం, మా వీధి చివర ఉంటారు. ఇక నేను, విజయశ్రీని. తెనాలి దాన్ని, నోరు కాస్త పెద్దది. అదే యూనివర్సిటీలో పరీక్షల విభాగంలో పనిచేస్తాను. పిల్లల పేపర్లు దిద్దించే దాన్ని, నా పేపరు ఎవరూ దిద్దకపోతే చాలనుకునే దాన్ని.

అండమాన్ సుధ బుర్రలో పుట్టింది. వాళ్ళ ఆఫీసులో ఎవరో వెళ్ళొచ్చి ఫొటోలు చూపించారట. ఆ నీళ్ళు చూడాలి విజయా, పచ్చగా, గాజులాగా, అడుగున ఇసక రేణువులు కూడా కనపడతాయే అంది. పొద్దున్నే శంషాబాద్‌లో విమానం ఎక్కితే మధ్యాహ్నానికి సముద్రంలో కాళ్ళు పెట్టుకోవచ్చంది. మొగుళ్ళు లేకుండా, వంట లేకుండా, నాలుగు రోజులు. నాకు నోరూరింది. ఈ వయసు వచ్చేదాకా నేను ఎక్కడికి వెళ్ళినా ఒక పెళ్ళో చావో దేవుడో ఉండాల్సిందే. ఊరికే వెళ్ళడం అనేది నాకు తెలీదు.

"మనం ముగ్గురం చాలు," అంది సుధ.

"మరి శారదో?" అన్నాను.

"శ్రీశైలం మర్చిపోయావా?"

ఎలా మర్చిపోతాను. పోయినేడు నలుగురం బండి మాట్లాడుకుని శ్రీశైలం వెళ్ళాం. ఘాట్ రోడ్డు మొదలైన దగ్గర్నుంచీ శారదకి వాంతులు. బండి ఆపడం, నీళ్ళు తాగించడం, ఎక్కడం, మళ్ళీ ఆపడం. ఆఖరికి సుధ కొత్త గద్వాల చీర మీదే అయిపోయింది. అది చాలదన్నట్టు ఆవిడ బయట తిండి ముట్టదు, దారంతా మొగుడికి ఫోన్లు, గాజుల కొట్టు కనపడితే బేరం. వచ్చేటప్పుడు సుధ ఒక్క మాట మాట్లాడలేదు.

"ఆవిడొస్తే ప్రయాణమంతా ఆవిడ కడుపు చుట్టూనే తిరుగుతుంది," అంది సుధ. "అడిగామనుకో, తప్పకుండా వస్తానంటుంది."

"పాపం కదే," అన్నాను. అన్నానంతే. నోటితో పాపం అంటూనే చేత్తో దాని ఫోను లాక్కుని రిసార్టు ఫొటోలు చూశాను. కావ్య మాత్రం, "గట్ల దాచుడెందుకక్కా, చెప్పేస్తే అయిపోతది కదా," అంది. చెప్పే బాధ్యత నీదేనా అని సుధ అడిగేసరికి అదీ నోరు మూసుకుంది. తిలాపాపం తలా పిడికెడు.

శారద సంగతి ఒకటి చెప్పాలి. నాకు గర్భసంచి ఆపరేషనై, డాక్టరు నడవమంటే ఇంటి గేటు దాటడానికే భయపడుతున్న రోజుల్లో, ఎదురుపడి పలకరించింది ఆవిడ. అప్పటికి నాకు ఆవిడ పేరు కూడా తెలీదు. "నేనుండా గదక్కా, రా," అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. అప్పుడు శారద నడక ఇప్పటిలా కాదు, గాలిలా వెళ్ళేది. నా కోసం దాన్ని తగ్గించుకుని, ప్రతి చెట్టు కిందా నాతో ఆగి, నన్ను ఆర్ట్స్ కాలేజీ దాకా నడిపించింది. సుధనీ కావ్యనీ నాకు పరిచయం చేసింది కూడా ఆవిడే. తర్వాత ఆవిడకి మోకాళ్ళు పట్టుకున్నాయి. నాకు నడక వచ్చింది, ఆవిడకి పోయింది.

సరే, ప్లాను మొదలైంది. ఫోన్లో ముగ్గురికే ఒక గ్రూపు పెట్టి, పొరపాటున ఎవరి కంటా పడకుండా దానికి 'ఆడిట్' అని పేరు పెట్టింది సుధ. కానీ ఆడవాళ్ళకి ఫోన్లో రాసుకుంటే తృప్తేం ఉంటుంది? నోటితో చెప్పుకోవాలి. హావ్‌లాక్ ద్వీపంలో ఎన్ని రాత్రులు, అడుగున అద్దాలున్న పడవ ఎక్కాలా వద్దా, నీళ్ళలో దిగేటప్పుడు ఏం వేసుకోవాలి. "నేనైతే చుడీదార్‌తోనే దిగుతా," అంటాను నేను. "గా బట్టలు తడిస్తే మునుగుతవక్కా," అంటుంది కావ్య. నవ్వుకుంటాం. వెనక్కి చూస్తాం. శారద కుంటుకుంటూ దగ్గరికి వచ్చేస్తూ ఉంటుంది. వెంటనే సుధ, "అందుకే ఆవపిండి ఇంట్లోనే కొట్టించాలి," అంటుంది.

చెప్పుకోవాల్సింది పెరిగేకొద్దీ మాకు దూరం కావలసి వచ్చింది. దూరం కావాలంటే వేగంగా నడవాలి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, కాళ్ళే నేర్చుకున్నాయి. మొదట్లో లైబ్రరీ మలుపు దగ్గర ఆవిడ కోసం ఆగేవాళ్ళం. తర్వాత ఆగడం మానేశాం. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద మేం సగం ద్వీపం తిరిగొచ్చాక అప్పుడొచ్చేది శారద, చెమటతో, నవ్వు మొహంతో.

"మీరు శానా స్పీడైనారక్కా," అనేది. "నేనే మొద్దు మాదిరి వెనకబడతాండా."

ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేది. తప్పంతా తన మోకాళ్ళదే అనుకుంటోంది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

టిక్కెట్లు తీసుకున్న వారానికి శారద ఒకరోజు మెట్ల మీద కూర్చుని, "వచ్చే రెండో శనివారం మా ఇంట్లో సత్యనారాయణస్వామి వ్రతం పెట్టుకుంటాండాం. ముగ్గురూ పొద్దున్నే రావల్ల. భోజనాలు మా ఇంట్లోనే," అంది.

సరిగ్గా ఆ శనివారమే మా విమానం. సుధ చెక్కు చెదరలేదు. "అయ్యో, ఆ రోజు నాకు విజయవాడలో మీటింగే," అంది. కావ్య, "మా కజిన్ పెండ్లి ఉన్నదక్కా, వరంగల్‌ల," అంది తల దించుకుని. ఇద్దరూ అయిపోయారు. శారద నావైపు తిరిగింది. మీటింగూ అయిపోయింది, పెళ్ళీ అయిపోయింది. నా దగ్గర ఏం మిగిలింది? నోటికి అడ్డూ ఆపూ ఉంటే కదా.

"మా ఆయనా నేనూ తిరుపతి వెళ్తున్నాం శారదా," అన్నాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. "అవునా అక్కా! ఆ స్వామే నిన్ను పంపిస్తాండాడు," అంది. "మా వ్రతందేముంది, మీరు ముగ్గురూ లేకుండా నాకేం బాగుంటాది? వచ్చినాక పెట్టుకుంటా. నాకొక పని చేసిపెడతావా?"

ఆ పనేమిటో నాకు అప్పుడే తెలిసిపోయింది. మనవాళ్ళకి ఎవరైనా తిరుపతి వెళ్తున్నామని చెబితే ఏం జరుగుతుందో తెలీని తెలుగుదాన్ని కాదు కదా. అయినా ఆ మాటే ఎందుకు వచ్చిందో నా నోటికి! అన్నవరం అనొచ్చు, అత్తగారికి ఒంట్లో బాగోలేదు అనొచ్చు. బుద్ధి గడ్డి తినడం అంటే ఇదే.

సాయంత్రం మా ఇంటికొచ్చింది. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. చేతిలో పసుపుగుడ్డ ముడుపు. దాన్ని కళ్ళకద్దుకుని నా చేతిలో పెట్టింది.

"హుండీలో నీ చేత్తోనే ఎయ్యక్కా. పోయే దోవలో యాడా కింద పెట్టద్దు."

"ఏం మొక్కుకున్నావు?" అని అడగకూడదు. నేనూ అడగలేదు. కానీ ఆవిడే చెప్పింది, చిన్నపిల్లలా సిగ్గుపడుతూ.

"మోకాళ్ళు బాగైపోవల్లని కాదు, అంతాశ లేదు. మీతోపాటి సమానంగా నడవల్ల అని మొక్కినా. వెనక నుంచి మీరు ముగ్గురూ నవ్వుకుంటా పోతాంటే చూసేదానికి బాగుంటాది. ఆడ నేను కూడా ఉండల్ల అనిపిస్తాది."

కాఫీ తాగి వెళ్ళమంటే ఉపవాసం ఉన్నానని వెళ్ళిపోయింది. నేను ముడుపు పట్టుకుని హాల్లో నిలబడ్డాను. ఎక్కడా కింద పెట్టొద్దంది కదా. మా ఆయన కొండలరావు గారు పేపరు పక్కన పెట్టి అంతా విని, తాపీగా కళ్ళజోడు తీశారు.

"సరైన చోటికే వెళ్తున్నావులే. పూర్వం నేరం చేసినవాళ్ళని అండమాన్‌కే పంపేవాళ్ళు," అన్నారు.

ఇంకో రోజైతే నేనూ నవ్వి ఉందును. ఆ రోజు మాత్రం గయ్యిమని అరిచాను. అరిచి, లోపలికెళ్ళి, దేవుడి గూట్లో పెట్టి తలుపు వేశాను. వంట చేస్తుంటే ఆ గూడు వైపు చూపు వెళ్ళేది కాదు. దీపం పెట్టమని ఆయనకే చెప్పాను. ఎన్నడూ లేంది ఏమిటి అని అడిగితే నడుం నొప్పి అన్నాను.

సుధకి చెబితే తేలిగ్గా తీసిపారేసింది. "ఏ వెంకన్న అయితేనేం, దగ్గర్లో ఏదో గుళ్ళో హుండీలో వేసెయ్. ప్రసాదం కావాలంటే హిమాయత్‌నగర్ దేవస్థానంలో తిరుపతి లడ్డూలు అమ్ముతారు, నాలుగు కొని ఇచ్చెయ్. అసలు లడ్డూయే కదా, అబద్ధం ఎక్కడుంది?" అంది. అంత చక్కగా ఆలోచించే బుర్రని బ్యాంకు వాళ్ళు ఎందుకు ఇంకా పెద్ద కుర్చీలో కూర్చోబెట్టలేదో.

నిజం చెప్పొద్దూ, రెండు మూడు రోజులు ఆ లడ్డూల గురించి నేనూ ఆలోచించాను. నా చేత్తో నేనే ఆవిడకి ఆ లడ్డూ ఇస్తున్నట్టు, ఆవిడ కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటున్నట్టు అనిపించేది. అన్నం సహించడం మానేసింది.

తర్వాత సోమవారం ఆఫీసులో రిజల్ట్స్ పనుండి కాస్త ఆలస్యమైంది. బయటికొచ్చి మా స్కూటీ దగ్గరికి నడుస్తుంటే రోడ్డు మీద ఎవరో ఆడమనిషి విసవిసా నడిచి వెళ్తూ కనిపించింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది. కాళ్ళకి కొత్త బూట్లు, గులాబీ రంగువి, కాలేజీ పిల్లలు వేసుకునేవి. ప్రతి అడుగుకీ మొహం నొప్పితో ముడుచుకుపోతోంది. అయినా ఆగడం లేదు. పక్కనే కుర్రాళ్ళు క్రికెట్ ఆడుకుంటున్నారు, చూసి నవ్వుకుంటున్నారు.

"శారదా!" అని కేకేశాను.

దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు ఆగింది. దొంగని నేను, ఆవిడ నా ముందు సిగ్గుపడుతోంది.

"సుధక్కకూ కావ్యకూ చెప్పద్దక్కా," అంది ఆయాసపడుతూ. "దినామూ సాయంత్రం ఒంటిగా వచ్చి నడస్తాండా. నువ్వు కొండకు పోయేలోపల నేను కూడా కొంచెం కష్టపడల్ల గదా. అంతా దేవుని మీదనే ఏస్తే ఆయనకు మాత్రం ఎట్ల కుదురుతాది?"

ఆ క్షణాన చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా. "నొప్పి పెడితే ఆపెయ్యి శారదా, నీకెందుకే ఈ బాధ," అన్నాను. అంతకుమించి రాలేదు. స్కూటీ ఎక్కమంటే ఎక్కలేదు, నడిచే వస్తానంది. లాలాగూడ వైపు ఎవరో మోకాళ్ళకి నూనె ఇస్తున్నారని, అదీ రాస్తున్నానని చెప్పి మళ్ళీ విసవిసా వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి బాత్రూంలో కుళాయి విప్పుకుని ఏడ్చాను. ఏడిస్తే ఏమొస్తుంది? అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

శనివారం ప్రయాణం. గురువారం పొద్దున్న మామూలుగా నడకకి వెళ్ళాం. మంచు బాగా పట్టింది. సుధ మంచి హుషారుగా ఉంది. రిసార్టు వాళ్ళు సముద్రం ఎదురుగా ఉన్న గది ఇస్తామన్నారట. "శనివారం సాయంత్రానికి మనం ముగ్గురం హావ్‌లాక్‌లో, రాధానగర్ బీచిలో! సూర్యుడు దిగేది అక్కడే చూస్తాం," అంది గట్టిగా. "నేనైతే గా నీళ్ళకెల్లి బయటికే రాను," అంది కావ్య.

"చూసినావా అక్కా! అందుకున్నా!"

ముగ్గురం గిరుక్కున తిరిగాం. మా భుజాల వెనకే శారద. మంచులో ఎప్పుడొచ్చి కలిసిందో తెలీదు. ఊపిరి అందడం లేదు, మొహం ఎర్రగా కందిపోయింది, అయినా నవ్వుతోంది. పరుగు పందెంలో ఫస్టొచ్చిన పిల్ల మొహం అది. మేం చప్పట్లు కొడతామని చూసినట్టుంది.

"గేటు కాన్నించి యాడా ఆగలేదు," అంది. మా మొహాలు చూసింది. నవ్వు కాస్త తగ్గింది. "ఏందో చెప్పుకుంటాండారు. ఏం బీచి?"

సుధ కన్నార్పలేదు. "మా చెల్లెలి వాళ్ళు అండమాన్ వెళ్తున్నారే, ముగ్గురు తోడికోడళ్ళూను. ఆ కబుర్లే," అంది.

"అవునా! బాగుంటాదంట," అంది శారద. నమ్మేసింది. అంత తేలిగ్గా, ఒక్క ప్రశ్న లేకుండా నమ్మేసింది. కావ్య గట్టిగా ఊపిరి వదలడం నాకు వినిపించింది. గండం గడిచిపోయింది. ఇక ఒక్క రోజు ఓపిక పడితే విమానం ఎక్కడమే. నాకు సంతోషం వెయ్యాలి. ఒళ్ళంతా కంపరం పుట్టింది. నా మీద నాకు.

"కాదు శారదా," అన్నాను. "సుధ చెల్లెలు కాదు. వెళ్తున్నది మేమే. మేం ముగ్గురం."

సుధ నా మోచెయ్యి గిల్లింది. విదిలించుకున్నాను.

"నువ్వు తిరపతికి గదా అక్కా పోతాండేది?" అంది శారద. ఇంకా అర్థం కానట్టే, నాకేదో మతిమరుపు వచ్చినట్టు అడిగింది.

"తిరుపతి లేదు. నీకు అబద్ధం చెప్పాను. నీ ముడుపు మా ఇంట్లోనే ఉంది. మీటింగూ లేదు, పెళ్ళీ లేదు. నువ్వు వెనకబడ్డావని మేం ముందు నడవలేదు శారదా. నీకు వినపడకూడదని నడిచాం. నీ మోకాళ్ళ తప్పేం లేదు."

పక్కనుంచి వాకింగ్ వాళ్ళు వెళ్తూ నమస్తే అంటే కూడా ఆవిడ తలెత్తలేదు. తన బూట్ల వైపు చూసుకుంటూ నిలబడింది. తిట్టు, కొట్టు, ఏదో ఒకటి చెయ్యి తల్లీ అని లోపల మొక్కుకుంటున్నాను.

"అడిగింటే రాననేదాన్ని గదక్కా," అంది చివరికి. "శ్రీశైలం గాట్లోనే పానం పోయినంత పనాయ. ఓడ ఎక్కుతానా నేను? నాకు నీళ్ళంటేనే బయం. అడిగింటే, మీరు పోయి రాండి అనేదాన్ని. దోవలో తినేదానికి చెక్కలు చేసిచ్చేదాన్ని. నన్ను అడిగినారు అనేదన్నా ఉండేది."

"అది కాదు శారదా, అసలు ఏం జరిగిందంటే..." అని సుధ అందుకోబోయింది.

"నువ్వు చెప్పద్దు సుధక్కా. నీ చీర పాడు చేసినాన్నుంచి నీకు నేనంటే పడదని నాకు తెలుసు. నీ మీద నాకు కోపం లేదు." నావైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళు ఉన్నాయి కానీ గొంతు గట్టిగానే ఉంది. "నువ్వు చెప్పింటే బాగుండె."

"నేను వెళ్ళను. మానేస్తాను. నీతో కలిసి నిజంగానే తిరుపతి వస్తాను," అన్నాను. నా గొంతు నాకే ఎబ్బెట్టుగా వినిపించింది.

"నా పేరు పెట్టి మానద్దు. ఆ పాపం కూడా నా మీద ఎందుకు? పోయి రా. వచ్చినాక ఫొటోలు మాత్రం నాకు చూపియ్యద్దు."

అని, ఆర్ట్స్ కాలేజీ వైపు వెళ్ళకుండా అక్కడే వెనక్కి తిరిగింది. మేమూ తిరిగాం. ఏం చెయ్యాలో తోచక ఆవిడ పక్కనే నడిచాం. ఆవిడ తగ్గలేదు, మేం పెంచలేదు. నలుగురం ఒకే వరసలో, రోడ్డుకి అడ్డంగా, గేటు దాకా వచ్చాం.

గేటు బయట మెట్రో పిల్లర్ల దగ్గర శారద ఆగింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"మీతోపాటి సమానంగా నడిచినా," అంది. "మొక్కు తీరిపాయ. ముడుపు నేనే తీసకపోతా కొండకు. సాయంత్రం మా ఆయన్ను పంపిస్తా, ఆయన చేతికియ్యి."

"నువ్వే రా శారదా. కాస్త కాఫీ తాగి వెళ్దువు గాని," అన్నాను.

"నేను రాను," అంది.

ఆటోలు ఆగేదాకా చూసుకుని రోడ్డు దాటి తన వీధిలోకి తిరిగింది. పక్కన సుధ నన్నేదో అంటూనే ఉంది. కావ్య ఏడుస్తోంది. నేను మాత్రం అక్కడే నిలబడి, ఆవిడ ఒక్కసారి వెనక్కి చూస్తుందేమోనని చూశాను. చూడలేదు.